మలుపు దాకా కనిపిస్తారట

నా కళ్లు మంచివని ఉదయగిరిలో పేరు. చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చేసే మా షెడ్డులో నా వయసు ఆడవాళ్లంతా ఫోర్కు పళ్లు కోయడం మానేసి, గరుకు కాగితంతో రుద్దే పనికి మారిపోయారు. నేను మాత్రం ఇప్పటికీ కర్రను ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఆకురాయితో పన్నూ పన్నూ విడదీస్తాను. మా వీధిలో ఎవరికి సూదిలో దారం ఎక్కించాలన్నా "జీనత్ బీ కాడికి పో" అంటారు. నేను బడికి పోయినదాన్ని కాదు. స్పూన్లు చుట్టడానికి తెచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు చూసి, వాళ్లనూ వీళ్లనూ అడిగి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. పేపరు ముక్కుకి ఆనించుకుని చదువుతానని, ఎదురుగా కూర్చుని పనిచేసే చెంచమ్మ ఎగతాళి చేస్తుంది.

"చదవతా ఉండావా అక్కా, వాసన చూస్తా ఉండావా?"

అలాంటిదాన్ని కళ్లజోళ్ల క్యాంపుకి పోవలసిన పని లేదు. చెంచమ్మ కోసం పోయాను. ఆమెకు దగ్గరి చూపు తగ్గి ఆకురాయి వేళ్ల మీద పడుతోంది. ఆత్మకూరులో ఒక కల్యాణ మండపంలో కళ్లజోళ్లు ఇస్తున్నారనీ, ఎవరి అద్దం వాళ్లే తిప్పి సరిచేసుకోవచ్చనీ షెడ్డులో చెప్పారు. ఒంటరిగా బస్సెక్కడం ఆమెకు భయం. ఎవరు బస్సెక్కినా నాకు భయం. నాకు తెలిసినవాళ్లంతా ఉదయగిరి బస్టాండులో బస్సెక్కే దూరమయ్యారు. ఎవరిని సాగనంపినా బస్సు శబ్దం వినిపించినంతసేపూ కదలకుండా నిలబడతాను. శబ్దం ఆగాక ఇంటికి వస్తాను. ఇది నేను పెట్టుకున్న నియమం.

ఆ వారం నా మనసు మనసులో లేదు. తమ్ముడు జబీవుల్లా కొడుకు పెళ్లికి మా చెల్లెలు షీరీన్ జలదంకి నుంచి వస్తోంది. అమ్మ పోయి నలభై రోజుల ఫాతిహా అయిన మర్నాటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. పదేళ్ల పైమాటే. ఆ రోజు షీరీన్ నన్ను తనతో వచ్చేయమంది. షెడ్డు వదిలి రానన్నాను. "అయితే ఆ కర్రముక్కల్తోనే ఉండు" అని విసురుగా కావలి బస్సెక్కింది. బస్సు కదిలింది. నేను నిలబడ్డాను. అంతే జరిగింది.

తర్వాత షీరీన్ జబీవుల్లాకి చెప్పిందట. వాళ్లిద్దరికీ నేను ఆపాని, అంటే అక్కని. "బస్సు కదలంగానే నా కోపమంతా పోయిందిరా. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మలుపు దాకా ఊపినాను. ఏడ్చినాను. ఆపా నన్నే చూస్తా రాయి మాదిరి నిలబడింది. చెయ్యి ఎత్తలా. అట్టాంటి మనిషితో నాకేం మాటలు?"

ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. పచ్చి అబద్ధం. కదిలిపోయిన బస్సులో మనిషి కింద ఉన్నవాళ్లకి ఎలా కనిపిస్తుంది? నాలుగు అడుగులు పోగానే బస్సు ఒక రంగు మరక అవుతుంది. ఇంకొంచెం పోతే ఆ మరక కూడా దుమ్ములో కలిసిపోతుంది. అందులో కిటికీ ఏది, చెయ్యి ఏది? మాట్లాడకపోవడానికి సాకు అల్లిందనుకున్నాను. అబద్ధం చెప్పినదే ముందు మాట్లాడాలని నేను బిగుసుకున్నాను. చెయ్యి ఎత్తనిదే ముందు మాట్లాడాలని అది బిగుసుకుంది. ఇప్పుడు జలదంకి ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి హొసూరు పోతోందట. పెళ్లి అయిన మర్నాడే ప్రయాణం. ఈసారి కూడా మాట లేకుండా బస్సెక్కితే మళ్లీ చూస్తానో చూడనో. ఆత్మకూరు పోయే బస్సులో చెంచమ్మ ఏవేవో చెబుతూ ఉంది. నేను ఊఁ కొడుతూ అదే ఆలోచించాను.

మండపంలో అంతకుముందు జరిగిన పెళ్లి తాలూకు రంగు గుడ్డలు ఇంకా విప్పలేదు. నెల్లూరులో చదువుకుంటున్న చైత్ర అనే అమ్మాయి ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి జోడు పెడుతోంది. గుండ్రటి అద్దాలు, లావుపాటి నల్లటి ఫ్రేము. రెండు పక్కలా సూదిమందు గొట్టాల్లాంటివి వేలాడుతున్నాయి. వాటికి చిన్న చక్రాలు.

"ఇది మామూలు అద్దం కాదవ్వా," అని చెంచమ్మకి చెప్పింది. "రెండు పల్చటి పొరల మధ్యన నూనె మాదిరిది ఉండాది. చక్రం ఇట్ట తిప్పితే నూనె లోపలికి పోయి పొర ఉబ్బుద్ది. అట్ట తిప్పితే వెనక్కొచ్చి పొర గుంట పడుద్ది. నీకు తేటగా కనపడినప్పుడు ఆపు. నేను మర బిగించి గొట్టం తీసేస్తా. ఇంక అది నీ కంటికే సరి."

"నూనంటే ఏం నూనె?" అంది చెంచమ్మ. "ఎండకి కంపు కొట్టదు గదా?"

"కొట్టదవ్వా."

"కారి కూరలో పడితే?"

"అంతలా కూరలోకి వంగి చూడబాక."

చెంచమ్మ నవ్వుతూనే చక్రం తిప్పింది. సంచిలోంచి స్పూను తీసి చేతిలో పట్టుకుని ఇంకొంచెం తిప్పింది. ఉన్నట్టుండి కేక పెట్టింది. "అమ్మయ్యా! కర్రలో నార కనపడతా ఉండాది! జీనతక్కా, ఇదంతా నేను సరిగ్గా రుద్దలేదే, ఇట్టనే పంపించినానా ఇన్నాళ్లూ?"

ఆమె పని అయిపోయింది. లేచి పోదామనుకుంటే చైత్ర నా వైపు తిరిగింది. "నువ్వు రావ్వా."

"నాకొద్దు తల్లీ. నా కళ్లు మంచివి."

"ఊరికే చూడు. ఇంత దూరం వచ్చినావు గదా."

ఆ పిల్ల అంతగా అడిగితే కాదనలేక కూర్చున్నాను. ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకోమని జోడు పెట్టింది. నేనూ చెంచమ్మ లాగే సంచిలోంచి నా ఫోర్కు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

"బాగుండాది," అన్నాను.

"అది కాదవ్వా. ఎదురుగా బోర్డు చూడు."

"ఏ బోర్డు?"

"గోడకి తగిలించినారే, అది."

"గోడ యాడుండాది?"

చెంచమ్మ పకపకా నవ్వింది. చైత్ర నవ్వలేదు. నా ఎదురుగా తెల్లటి వెలుగు ఉంది, మధ్యలో ఏదో కొంచెం నల్లగా ఉంది. దూరం అలాగే కదా ఉంటుంది.

"అవ్వా, నీకు దూరంవి కనపడవా?"

"దూరంవి ఎవరికి కనపడతాయి తల్లీ? కనపడకపోతేనే గదా దూరమనేది?"

ఆ పిల్ల నా వెనక్కి వచ్చి, చెంచమ్మ తిప్పినదానికి వ్యతిరేకంగా చక్రం తిప్పడం మొదలుపెట్టింది. తర్వాత నా వేళ్లు దాని మీద పెట్టి "నువ్వే తిప్పు" అంది. తిప్పాను. వెలుగు కొంచెం గట్టిపడింది. ఇంకా తిప్పాను. గోడ నా మీదికి వచ్చింది. నిజంగానే వచ్చిందనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. గోడ మీద అక్షరాలున్నాయి. అంత దూరంలో అక్షరాలు ఉంటాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. పైన ఫ్యానుకి రెక్కలున్నాయి. అవతలి మూలన ఒకాయన ఎవరూ చూడట్లేదనుకుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"తీసెయ్యి తల్లీ. దీన్లో ఏదో తప్పుండాది."

"ఏం తప్పు?"

"అన్నీ కనపడతా ఉండాయి."

చెంచమ్మ వైపు తిరిగాను. రోజూ ఎదురుగా కూర్చునే మనిషే, ఎవరో ముసలామె అనిపించింది. కళ్ల కింద సంచులు, గడ్డం మీద తెల్ల వెంట్రుక. తల దించి ఫోర్కు చూసుకున్నాను. పళ్లన్నీ కలిసిపోయి ఒక ముద్దలాగా ఉంది.

"నా ఫోర్కు పోయింది! నా కళ్లు చెడగొట్టినావే పిల్లా!"

"పోలేదవ్వా. జోడు తీసి చూడు." తీసి చూశాను. పళ్లు తిరిగి వచ్చాయి. "నీకు దగ్గరికి జోడు అక్కర్లేదు. దూరానికి పెట్టుకో, పనికి తీసెయ్."

"పని చేసేటప్పుడు తీసేసేది కళ్లజోడు ఎట్టయ్యింది?"

"నీ కళ్లు అట్టాంటివి మరి. చిన్నప్పట్నుంచీ ఇట్టనే ఉండుంటాయి. బిగించేదా? బిగిస్తే ఇంక మారదు."

రెంటికీ పనికొచ్చేలా మధ్యలో పెట్టమన్నాను. అలా పెడితే రెండూ సగం సగమే అంది. వెనక కూర్చున్నవాళ్లు గొణుగుతున్నారు. ఏమీ అర్థంకాక "బిగించు" అనేశాను. రెండో కంటికీ అలాగే తిప్పించి, మర బిగించి గొట్టాలు లాగేసింది. అప్పుడు మాత్రం అది మామూలు కళ్లజోడులాగే కనిపించింది.

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డాం. తీసేద్దామా ఉంచుకుందామా అని తేల్చుకోలేక జోడుతోనే ఉన్నాను. పక్కనే ఒక ముసలాయన, బస్సులో కిటికీ దగ్గర కూర్చున్న మనవరాలితో మాట్లాడుతున్నాడు. నెల్లూరు బస్సు అది. కదిలింది. ఇక అయిపోయింది కదా అని నేను తల తిప్పుకోబోయాను. ఆయన చెయ్యి పైకి ఎత్తి ఊపుతున్నాడు.

ఎవరికి ఊపుతున్నాడా అని చూశాను. బస్సు పోతోంది. కిటికీ ఉంది. కిటికీలో ఆ పిల్ల ఉంది. చెయ్యి బయటపెట్టి ఊపుతోంది. బస్సు చిన్నదవుతోంది గానీ పిల్ల చెరిగిపోవడం లేదు. గాజులు కూడా కనిపిస్తున్నాయి. బస్సు మలుపు తిరిగేదాకా ఆ పిల్ల ఊపుతూనే ఉంది, ఈయన ఊపుతూనే ఉన్నాడు.

నేను చెంచమ్మ చెయ్యి పట్టుకున్నాను. "ఆయనకి ఆ పిల్ల కనపడతా ఉండాదా?"

"కనపడకేం?"

"అంత దూరం పోయినా?"

"మలుపు దాకా కనపడతారు గదక్కా."

"అందరికీనా? జోడు లేకపోయినా?"

"అందరికీనే. ఏందక్కా, ఎప్పుడూ బస్సు చూడనిదాని మాదిరి అడగతా ఉండావు?"

అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. చెంచమ్మ నీళ్ల సీసా ఇచ్చింది. సోడా తాగుతావా అని అడిగింది. నా మనసులో ఒకటే బస్సు ఉంది. కావలి బస్సు. దాని కిటికీలో షీరీన్.

ఇంటికొచ్చాక ఇంకా గందరగోళం పెరిగింది. ఉదయగిరి కొండ మీద గోడలున్నాయని అందరూ అంటుంటే పెద్దవాళ్లు చెప్పే కథ అనుకున్నాను. నాకు అది ఎప్పుడూ ఒక నీలం రంగు గుట్ట. ఇప్పుడు చూస్తే గోడలు నిజంగానే ఉన్నాయి, వాటి మధ్య కంతలు కూడా ఉన్నాయి. మా ఇంటి దూలాల నిండా బూజు. జోడు పెట్టుకుంటే ఒక ఊరు, తీసేస్తే ఇంకో ఊరు. ఏ ఊర్లో ఇన్నేళ్లూ కాపురం ఉన్నానో తెలియలేదు.

నా భర్త అజ్మతుల్లా లారీ నడిపేవాడు. డ్యూటీకి పోయేటప్పుడు నేను రోడ్డు దాకా వచ్చేదాన్ని. లారీ కొంచెం దూరం పోయాక హారన్ కొట్టేవాడు. అది నాకోసమేనని తెలుసు. కానీ హారన్ కొడుతూ చెయ్యి కూడా బయటపెట్టేవాడా? ఒంగోలు అవతల ప్రమాదంలో పోయిన ఆ చివరిసారి కూడా పెట్టాడా? నేను చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అద్దంలో చూసుకుంటూ పోయాడా? అడగడానికి మనిషి లేడు.

ఉన్న మనిషిని అడిగాను. జబీవుల్లా పెళ్లి పందిరి వాళ్లతో మాట్లాడి వస్తుంటే ఆపాను.

"ఒరే, నువ్వు నెల్లూరు పోయేటప్పుడు నేను బస్టాండుకి వస్తా గదా. బస్సు కదిలినాక నాకు చెయ్యి ఊపుతావా?"

"ఇప్పుడేం ప్రశ్న ఆపా ఇది?"

"చెప్పరా."

"చిన్నప్పుడు ఊపేవాణ్ణి. నువ్వు ఊపవు గదా, మానుకున్నా." అని, వంటవాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు. వాడికి అది పెద్ద విషయం కాదు. నేను గడప మీద చాలాసేపు కూర్చుండిపోయాను. షీరీన్ అబద్ధం చెప్పలేదు. నేనూ అబద్ధం ఆడలేదు. మరి ఇన్నేళ్లూ ఎవరి మీద కోపంగా ఉన్నాను?

షీరీన్ పెళ్లికి ముందురోజు వచ్చింది. ఆడవాళ్లంతా నడవలో చాప మీద కూర్చుని, పెళ్లికొడుకు మొహానికి కట్టే సెహ్రా కోసం మల్లెలు గుచ్చుతున్నారు. ఆ చివరన అది, ఈ చివరన నేను. జోడు పెట్టుకుని దాన్నే చూస్తున్నాను. అంత దూరం నుంచి చెల్లెల్ని చూడడం నాకు అదే మొదటిసారి. అచ్చం అమ్మలాగా పెదవి కొరుక్కుంటూ పూలు ఏరుతోంది. ఎప్పటినుంచి అలా కొరుక్కుంటోందో.

మా ఇంట్లో మాటలు ఉర్దూలో మొదలవుతాయి, పోట్లాటకి వచ్చేసరికి తెలుగులోకి మారతాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను తెలుగులోనే మొదలుపెట్టాను. అదే తప్పయిందేమో.

"షీరీన్. ఆ రోజు బస్సులోంచి నువ్వు చెయ్యి ఊపింది నిజమే. నాకు కనపడలా."

షీరీన్ తల ఎత్తలేదు.

"నా కళ్లకి దూరంవి కనపడవంట. మొన్ననే ఆత్మకూరులో చెప్పినారు. ఈ జోడు అందుకే."

షీరీన్ తన చేతిలో ఉన్న సూదీ దారమూ పక్కావిడకి ఇచ్చింది. ఆవిడ ఇంకొకరికి ఇచ్చింది. అలా అవి నా ఒడిలోకి వచ్చాయి.

"దారం జారిపోయింది," అంది షీరీన్. "ఎక్కించి ఇయ్యి ఆపా."

ఎన్నేళ్లకో నాతో అన్న మాట అది. సంతోషంలో ముందూ వెనకా చూడలేదు. అలవాటు కొద్దీ జోడు నుదుటి మీదికి తోసుకుని, సూది కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక్క పోటుకి దారం ఎక్కించాను. పిల్లలంతా గొల్లుమన్నారు.

"కళ్లు కనపడవంట!" అంది షీరీన్. నవ్వలేదు. "సూది బెజ్జం కనపడే కళ్లకి, నిలువెత్తు చెల్లెలు కనపడలేదా? ఇన్నేళ్లూ ఆలోచించి ఈ సాకు కనిపెట్టినావా?"

"సాకు కాదే. దగ్గరిది కనపడుద్ది, దూరంది..."

"నేను దూరందాన్నేలే."

లేచి వంటల దగ్గరికి పోయింది. నేను మళ్లీ జోడు కిందికి దించుకున్నాను. ఒడిలో మల్లెలు ముద్దగా, వెళ్లిపోతున్న దాని వీపు తేటగా కనిపించింది. చీర మడత విడిపోయి ఉంటే అది కూడా కనిపించింది. జోడు తీయకుండానే సూదిలో దారం ఎక్కించబోయి ఉంటే ఎక్కేది కాదు, నమ్మి ఉండేది. నా మంచి కళ్లే నా నోరు కొట్టాయి. పదేళ్ల కిందట దాని మాట నాకు అబద్ధంగా అనిపించినట్టే, ఇప్పుడు నా మాట దానికి అబద్ధంగా అనిపించింది. తప్పని ఎలా అనను?

పెళ్లి జరిగింది. నేను ఏం తిన్నానో గుర్తులేదు.

మర్నాడు పొద్దున కావలి బస్సు. జబీవుల్లా సంచులు మోసుకొచ్చాడు. వాడి వెనకే నేను. షీరీన్ రావద్దనలేదు, రమ్మనలేదు. డ్రైవరు ఇంకా టీ దగ్గరే ఉన్నాడు. అది కిటికీ పక్క సీటులో కూర్చుని ఎదురు సీటు వైపు చూస్తోంది. కిటికీ కింద నేను. ఏదో ఒకటి అనాలని నీళ్లు ఉన్నాయా అన్నాను. ఉన్నాయి అంది. బిర్యానీ మూట ఒరిగిందేమో చూసుకో అన్నాను. ఒరగలేదు అంది.

దుమ్ము పడి జోడు మసకబారితే తీసి కొంగుతో తుడవబోయాను. షీరీన్ చెయ్యి కిందికి వచ్చింది.

"ఏదీ, ఇట్టియ్యి. అందరికీ చూపించుకోని తిరగతా ఉండావు. ఏముంది దీంట్లో?"

ఇచ్చాను. పెట్టుకుంది. వెంటనే మొహం చిట్లించింది.

"థూ! ఏందిది, నీళ్లల్లో మునిగినట్టుండాది. నీకెట్ట కనపడుద్ది దీంతో?"

"నీ కళ్లు మంచివి. మంచి కళ్లకి అది మసక. నాకు అది లేకపోతే మసక."

తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. తల అటూ ఇటూ తిప్పింది. టీ కొట్టు వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది. తర్వాత కిందికి, నేనున్న వైపు చూసింది.

"ఆపా?"

"ఇక్కడే ఉండా."

"నీ మొగం యాడుండాది?"

"మొగం కాడనే ఉండాది."

"నవ్వుతా ఉండావా?"

"లేదు."

"నేనూ నీకు ఇట్టనే ఉండేదాన్నా?"

"ఇట్టనే."

"బస్సు కదలకముందే ఇంత మసకా?"

"కదిలినాక ఇంకా మసక. రంగు ఒకటే కనపడేది."

"మరి అమ్మ? అజ్మత్ బావ?"

"దగ్గరికొస్తే కనపడేవాళ్లు."

షీరీన్ చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చి గాలిలో వెతుక్కుంది. నా తల తగిలింది. కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నేను మునివేళ్ల మీద నిలబడ్డాను. కిటికీ ఊచకి నా బుగ్గ ఆనింది. అంత దగ్గరగా వచ్చేసరికి దాని మొహం నాకు బాగా కనిపించింది. గడ్డం కింద చిన్నప్పుడు పొయ్యి అంటుకున్న మచ్చ. నల్ల ఫ్రేము వెనక కళ్లు చిన్నవిగా, తడిగా ఉన్నాయి. దానికి నేను కనిపించడం లేదు. వేళ్లతో నా ముక్కు, నా నుదురు తడుముతోంది.

"రాయి మాదిరి అన్నాను గదా నిన్ను," అంది.

నేను జవాబు చెప్పేలోగా డ్రైవరు ఎక్కాడు. ఇంజను అదిరింది. జబీవుల్లా నన్ను వెనక్కి లాగాడు. దాని వేళ్లు నా కొంగు వదిలాయి. బస్సు కదిలింది.

అది కదిలాకే నాకు గుర్తొచ్చింది. జోడు దాని మొహానే ఉంది.

కేక వేస్తే వినిపించదు. పరుగెత్తే వయసు కాదు. బస్సు రంగు మరక అయింది, మరక దుమ్ములో కలుస్తోంది, నాకు తెలిసిన పాత దూరమే మళ్లీ వచ్చింది. అందులో కిటికీ ఏదో, షీరీన్ ఏదో తెలియలేదు. అయినా చెయ్యి ఎత్తాను. ఎటు ఊపాలో తెలియక శబ్దం వస్తున్న వైపు ఊపాను. నా పక్కన నిలబడ్డవాళ్లు నా వైపు చూసి ఉంటారు. చూస్తే చూడనీ.

జబీవుల్లా జేబులో ఫోను మోగింది. వాడు తీసి విని, నా చెవి దగ్గర పెట్టాడు.

"ఆపా! నీ జోడు నా కాడే ఉండాది!"

"తీసెయ్యి ముందు. తల తిరగుద్ది."

"వెనక్కొచ్చే బస్సు కండక్టరుకిచ్చి పంపించేదా?"

మా వైపు అన్నీ అలాగే పంపుకుంటాం. మందులు, పచ్చడి సీసాలు, పిల్లల పుస్తకాలు, ఏ బస్సులో ఇచ్చినా చేరిపోతాయి. సరే అనబోయి ఆగాను.

"వద్దు. ఎవరికీ ఇయ్యబాక. అద్దం కాదది, లోపల నూనె. నువ్వే తీసుకోని రా."

"హొసూరు నుంచా?"

"హొసూరు నుంచే."

ఫోనులో బస్సు శబ్దం వినిపిస్తోంది.

"చెయ్యి ఎత్తినావా?" అంది.

"ఎత్తినా. ఇంకా దించలా. నువ్వు?"

"ఊపినా. కనపడిందా?"

"జోడు నీ కాడ పెట్టుకోని కనపడిందా అంటావేందే? నాది నీకు కనపడిందా?"

"నీ జోడు పెట్టుకోని ఉంటే నాకెట్ట కనపడుద్ది?"

జబీవుల్లా నా భుజం తట్టాడు. "బస్సు మలుపు తిరిగి శానాసేపయింది ఆపా. ఇంక దించు."

"తిరిగిందా?" అన్నాను. ఎదురుగా దుమ్ము రంగు తప్ప ఏమీ లేదు. శబ్దం ఆగేదాకా నిలబడడం ఒక్కటే నాకు తెలుసు. రోడ్డు మీద శబ్దం ఎప్పుడో ఆగిపోయింది. ఫోనులో మాత్రం బస్సు ఇంకా పోతూనే ఉంది. అలాంటప్పుడు చెయ్యి దించాలో, ఉంచాలో నాకు తెలియలేదు.